చెప్పుకున్నంతా పోతుంది

211వ రోజు

పొద్దున్నే నరసోజి చెవి ముక్క ఒకటి గుడ్డలో చుట్టుకొని వచ్చినాడు. చెవి వాడిదే. కొరికింది వాడి బావమరిది కిష్టప్ప. "సూదమ్మా, అతుకుతుందా?" అని గుడ్డ విప్పి చూపించినాడు. అతకదు నాయనా, అది చెవి, చెప్పుతోలు కాదు అన్నా. నెత్తురు కారే చోట కుట్లేసి కట్టు కట్టి పంపించినా.

ఈ ఏటి నోటుబుక్కులో నేను రాయాల్సింది మూడే ముక్కలు. ఎవరికి సూది, ఏ చేతికి, ఎంత మందు. అంతకు మించి రాస్తే తప్పు. పంతొమ్మిదేండ్లు ఆ తప్పు చేయలేదు, ఈ పొద్దు చేస్తున్నా. పైగట్టు సూదోడు మౌలాలి మొన్న చెప్పినాడు, "చౌడమ్మా, కొట్టినోళ్ళు కొట్టకముందు ఎట్లుండిరో రాసి పెట్టు. ఏదో తేడా కొడుతోంది" అని.

సరే, రాస్తున్నా. కిష్టప్పకు పది రోజులుగా నిద్ర లేదు. నోట్లో ఏమీ లేకుండానే చప్పరిస్తా ఉంటాడు. పెండ్లాం నీళ్ళలో ఏదో కలుపుతోందని అనుమానం. నిన్న సంగటి తింటా తింటా ఉన్నట్టుండి బావ మీదికి దూకినాడు. నలుగురు మెడ పట్టి లాగితే గానీ వాడి పండ్ల సందులోంచి చెవి బయటికి రాలేదు. ఈ నెలలో ఇట్లాంటిది మూడోది.

213వ రోజు

చెప్పుడుబండ కాడ కిష్టప్ప పంచాయితీ.

మా గుంతలో ఎవరు ఎవర్ని కొట్టినా, చంపినా పద్ధతి ఒకటే. రెండు పక్కలోళ్ళూ బండ మీద ఎదురెదురుగా కూర్చొని జరిగింది నోటితో చెప్పాల. చెప్తుండగానే సూది పడుతుంది. మనం దేన్నయినా తలుచుకున్నప్పుడు ఆ జ్ఞాపకం ముడి విప్పుకుంటుంది. మళ్ళా ముడి పడాలంటే మెదడులో రిసెప్టర్లు దాన్ని పట్టుకోవాల. వాటిని మేం గొళ్ళేలంటాం. మా మందు పోయి ఆ గొళ్ళేలకు అడ్డం పడుతుంది. ఇంగ ముడి పడదు, చెప్పుకున్నంతా పోతుంది. కొట్టినోడికీ గుర్తుండదు, దెబ్బలు తిన్నోడికీ గుర్తుండదు. తర్వాత ఆ మాట ఊర్లో ఎవరూ ఎత్తకూడదు. పైన ఎండకు తాళలేక ఈ పాత గనిలోకి మూడొందల మందిమి దిగితే, గని పైభాగంలో ఉండే పైగట్టోళ్ళ కరెంటు కోసం, అడుగున ఉండే కిందగట్టోళ్ళ నీళ్ళ కోసం నరుక్కొని నాలుగేండ్లకు సగమైనాం. మిగిలిన సగాన్ని బతికించింది ఈ సూదే. కాదనను.

కిష్టప్ప మాత్రం చెప్పలేకపోయినాడు. "గుర్తు లేదు సామీ" అన్నాడు. పెద్దమనిషి వీరభద్రప్ప మూడుసార్లు అడిగినాడు. మూడుసార్లూ గుర్తు లేదనే అన్నాడు. సూది పడకముందే గుర్తు లేదంటే మా కాడ ఒకటే అర్థం, పగ దాచుకున్నాడని. దాచుకున్నోడిని బుట్టలో కూర్చోబెట్టి పైన ఎండలోకి ఎత్తేస్తారు.

ఎత్తేసినారు. మధ్యాన్నం దాకా అరుపులు వినపడినాయి. సాయంత్రం బుట్ట దించితే నేనే కడిగినా. చొక్కా తీస్తే చర్మం దాంతోపాటే వచ్చింది. అందరికన్నా గట్టిగా ఏడ్చింది చెవి పోయిన నరసోజి.

"చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది" అని మా జేజి అంటుండె. పాపం, ఆమె సామెతనుకొని చెప్పింది. ఇక్కడ అది చట్టం.

216వ రోజు

మౌలాలి దిగొచ్చినాడు. ఈ నెలలో కొట్టిన ముగ్గురి నెత్తురూ పరీక్ష చేసినాడంట.

"మన సూదే చేసింది చౌడమ్మా" అన్నాడు. "ఏండ్ల తరబడి మందు గొళ్ళేలకు అడ్డం పడీ పడీ, కొందరి ఒళ్ళు గొళ్ళేలే దొంగలనుకుంటోంది. నెత్తుర్లోని కావలోళ్ళు పోయి సొంత మెదడు మీద పడుతున్నారు. ముందు నిద్ర పోతుంది. తర్వాత నోరు చప్పరించడం, అనుమానం, ఆపైన రాక్షసకోపం, ఫిట్సు. ఆ కోపంలో చేసింది గుర్తుండమంటే ఎట్ల గుర్తుంటుంది? గొళ్ళేలే పనిచేయవు కదా."

"మందుందా దీనికి?"

"నా కాడ రక్తం కడిగే మిషనుంది. అయిదుసార్లు కడిగితే మనిషి తిరిగొస్తాడు, నాకు నమ్మకముంది."

ఇద్దరమూ పోయి వీరభద్రప్పకు చెప్పినాం. ఆయన చుట్ట ఆర్పి నిదానంగా అన్నాడు, "సూది తప్పంటే ఒప్పందం తప్పన్నట్టే. ఒప్పందం తప్పని ఒక్కడికి తెలిసినా ఎల్లుండికి ఈ గుంతలో పీనుగలు తప్ప ఏమీ మిగలవు. నోరు మూసుకొని పోండి." కిష్టప్పను ఊరికే చంపితిమి కదప్పా అన్నా. "అవును, చంపితిమి" అన్నాడు. ఆయనకు సిగ్గు లేదనను. భయం ఎక్కువుంది.

219వ రోజు

రాయడానికి చేయి రావడం లేదు. మా ఆయన ఓబన్న నోరు చప్పరిస్తున్నాడు.

నీళ్ళ మోటారు కాడ పని ఆయనది. నాలుగు రోజులుగా నిద్ర లేదని ఇప్పుడు చెప్తున్నాడు, అదీ నేను అడిగితే. పొద్దున నేను చెంబు ఇస్తే వాసన చూసి పక్కన పెట్టినాడు. "ఏం కలిపినావే?" అన్నాడు. ఇరవై రెండేండ్ల కాపురంలో ఆయన నన్ను అడగని మాట అది. నవ్వులాటకేమో అని నవ్వబోయినా. ఆయన నవ్వలేదు. చెంబు గోడకేసి కొట్టినాడు, అది నా చెవి పక్కనుంచి పోయింది.

మౌలాలికి కబురు పంపినా. కిందగట్టు మనిషికి పైగట్టు మిషను వాడాలంటే వీరభద్రప్ప ఒప్పుకోవాలంట. ఆయన రేపు చూద్దాం అన్నాడంట.

222వ రోజు

ఓబన్న గిడ్డయ్యను చంపినాడు.

నేను కండ్లారా చూసినా. సద్ది తీసుకొని మోటారు కాడికి పోయేసరికి పైగట్టు గిడ్డయ్య వంగి జాలీకి పట్టిన పాచి గీకుతున్నాడు. నన్ను చూసి "వదినా, ఈ పొద్దు ఏం కూర?" అన్నాడు. వాడి వెనకాల ఓబన్న గడ్డపార ఎత్తి నిలబడి ఉన్నాడు. నేను అరిచేలోపల మొదటి దెబ్బ భుజం మీద పడింది. గిడ్డయ్య వెల్లకిలా తిరిగి "అన్నా, నేను, గిడ్డయ్యను" అన్నాడు. రెండోది గొంతులో దిగింది. తర్వాత నేను లెక్కపెట్టలేదు. గడ్డపార కింది బండకు తగిలి నిప్పులు లేచినాయి. నేను వెనకనుంచి నడుము పట్టుకుంటే మోచేత్తో కొట్టినాడు, రెండు పండ్లు ఊడినాయి. ఆఖరికి ఆయనే కొయ్య మాదిరి బిగుసుకొని పడి నురగలు కక్కుకున్నాడు. ఇద్దరూ నెత్తుటి నీళ్ళలో పక్కపక్కనే పడున్నారు, నేను మోటారు ఆపినా.

లేచినాక ఆయన నన్ను అడిగిన మొదటి మాట, "నీ నోరు ఏమయిందే?"

223వ రోజు

రేపు పంచాయితీ. ఆయనకేమీ గుర్తు లేదు. గుర్తు లేదన్నాడంటే బుట్టే.

మౌలాలి సందు చూసుకొని వచ్చి చెప్పి పోయినాడు, "చెప్పుడు అయిపోతే శత్రుత్వం లేనట్టే. మిషను మీద పడుకోబెట్టడానికి ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు. బండ దాటించు చాలు, మిగతాది నేను చూసుకుంటా."

మధ్యాన్నం గంటసేపు ఓబన్న తెలివిలో ఉండె. తలుపు వేసి నేర్పించినా. "నేనా? గిడ్డయ్యనా? వాడు నాకు తమ్ముడి లెక్క కదే" అని తల గోడకేసి కొట్టుకున్నాడు. ఏడవడానికి టైము లేదు, నేను చెప్పినట్లు చెప్పు అన్నా. మాటలు నిలవడం లేదు. గొళ్ళేలు పనిచేయనోడికి మాటలు ఎట్ల నిలుస్తాయి? అప్పుడు ఆలోచించి చేతికి చీపురుకట్ట ఇచ్చినా. ఇది గడ్డపార, నేను గిడ్డయ్యను, కొట్టు అన్నా. కింద పండుకొని చేయి అడ్డం పెట్టి, "అన్నా, నేను, గిడ్డయ్యను" అని నేనే అరిచినా. మొదటిసారి కొట్టలేక కూలబడినాడు. కొట్టకపోతే చస్తావు అని చెంప పగలగొట్టినా. పదకొండుసార్లు చేయించినా. ఆఖరుసార్లలో ఆయన నిజంగానే చూస్తున్నాడు. ఒళ్ళంతా వణుకుతోంది, చెమటలు. భయం పట్టుకున్నది మనిషికి బాగా నిలుస్తుంది, అది నాకు తెలుసు.



224వ రోజు

బండకు ఒక పక్క ఓబన్న, సూదితో మౌలాలి. ఇంకో పక్క గిడ్డయ్య తల్లి పుల్లక్క, ఆమె పక్కన నేను. వాడు ఆమెకు ఒక్కడే కొడుకు. పద్ధతి ప్రకారం కింద మనిషికి పైగట్టు సూదోడు పొడవాల, పై మనిషికి నేను పొడవాల. సూదిలో మందు నింపేటప్పుడు వీరభద్రప్ప కండ్లు అక్కడే ఉంటాయి. నీళ్ళు నింపే దారి లేదు.

పుల్లక్క కాడ కూర్చున్నప్పుడు నా పని రెండు ముక్కలు. సూది పొడవడం, చెప్పేది హద్దు దాటుతుంటే భుజం మీద తట్టి "చాలు" అనడం. చావు వరకే చెప్పించాల. అంతకు వెనకటికి పోనిస్తే అది కూడా పోతుంది. ఈ పనిలో నాకంటే గట్టిది లేదని రెండు గట్లలోనూ పేరుంది నాకు.

ఓబన్న చెప్పడం మొదలుపెట్టినాడు. మౌలాలి సూది దించినాడు. "గడ్డపార ఎత్తినా... భుజం మీద కొట్టినా... వెల్లకిలా తిరిగి, అన్నా నేను గిడ్డయ్యను అని..." నేను చెప్పించినట్లే చెప్తున్నాడు, నా గొంతు దీర్ఘంతో సహా. "చేయి అడ్డం పెట్టి... గాజులు గలగలమనె..."

ఆ గాజులు నావి.

"గాజులా?" అన్నాడు వీరభద్రప్ప. "గిడ్డయ్యకు గాజులేందిరా?"

ఓబన్న నోరు చప్పరిస్తున్నాడు. బుట్ట తాడు పట్టుకునేవాళ్ళిద్దరూ లేచి నిలబడినారు.

"కడియాలు" అనింది పుల్లక్క. "నా కొడుక్కి రెండు కడియాలుండె. ఒకదానికొకటి తగిలి మోగేవి. నిజమే చెప్తున్నాడు చంపినోడు."

వాళ్ళిద్దరూ మళ్ళా కూర్చున్నారు. నేను పుల్లక్క చేతికి సూది పొడిచినా. ఆమె అప్పటికే కడియాల గురించి చెప్పుకుంటా పోతోంది. తిరనాళ్ళలో కొన్నవి, వాడికి ఏడేండ్లప్పుడు. అంతకు ముందు వాడి కాళ్ళకు పట్టీలుండె. అంతకు ముందు పాలు మాన్పించడానికి వేపాకు రాస్తే చేదంతా నాకేసినాడు. పుట్టినప్పుడు ముందు కాళ్ళు వచ్చినాయి, మంత్రసాని ఆశ వదిలేసుకోమనింది. నేను ఆపాల. నా చేయి ఆమె భుజం మీదనే ఉంది. నా కండ్లు మాత్రం ఓబన్న మీద ఉన్నాయి, ఫిట్సు వస్తాయేమో, పడతాడేమో, బతుకుతాడేమో అని. చాలు అనే మాట నా నోటికి రాలేదు. ఆమె వాడి పుట్టుక దాకా పోయి, అక్కడ ఆగిపోయి, చుట్టూ చూసి, "నేనెందుకు కూర్చున్నా ఇక్కడ?" అనింది.

వాణ్ణి మొత్తం తీసేసినాను. చంపింది ఓబన్న, ఊడ్చేసింది నేను.

ఆ వెంటనే ఓబన్న పడిపోయినాడు. మౌలాలి మనుషులు ఆయన్ను ఎత్తుకొని పరిగెత్తినారు.

230వ రోజు

నాలుగుసార్లు రక్తం కడగడం అయింది. మంచానికి తోలు పట్టీలతో కట్టినాం. రెండో రోజు ఒక పట్టీ తెంపుకొని మౌలాలి ముక్కు పగలగొట్టినాడు, నాలుక కొరుక్కున్నాడు. మూడో రోజు నిద్రపోయినాడు. నిద్ర! నేను ఆ మంచం కోడు పట్టుకొని ఏడ్చినా.

ఈ పొద్దు కండ్లు తెరిచినాడు. మౌలాలిని "ఏం సాయిబూ" అన్నాడు. మోటారు బెల్టు మార్చినారా అని అడిగినాడు. నరసోజి వస్తే చెవి మానిందారా అన్నాడు. అన్నీ గుర్తున్నాయి. నేను గంజి తీసుకొని దగ్గరికి పోతే ఒళ్ళంతా వణుకు పట్టింది ఆయనకు. గోడకు జరిగి, పిడికిలి ఎత్తి, "మీరెవరు?" అన్నాడు.

ఏమేయ్ అని తప్ప పిలవని మనిషి.

అప్పుడు అర్థమయింది నాకు. బండ మీద ఆయన తలుచుకున్నది గిడ్డయ్యను కాదు, తలుపు వేసిన ఆ గదిలో కింద పండుకున్న నన్ను. గిడ్డయ్యను తలుచుకోవడానికి ఆయన కాడ ఏముంది? ఆ మందు పోయి నన్ను తీసింది. ముఖం పోయింది, భయం మిగిలింది. భయం ఉండే చోటు వేరంట, మౌలాలి చెప్పినాడు.

239వ రోజు

పుల్లక్క ఛాతీ పట్టేస్తోందని మూడోసారి వచ్చింది. నాడి బాగుంది, గుండె బాగుంది. "ఏదో పడేసుకున్నట్టుంటుంది సూదమ్మా. ఇల్లంతా వెతుకుతా. ఏం వెతుకుతున్నానో తెలీదు" అనింది. మాత్రలిచ్చి పంపించినా. నా అంత పాపిష్టిది ఈ గుంతలో లేదు. ఇంటికి పోతా పోతా దారిలో ఓబన్న కనపడితే రాయి తీసుకొని కొట్టిందంట. ఎందుకు కొట్టినావంటే తెలీదు అనిందంట.

ఓబన్న నెత్తికి కట్టు కట్టించుకోవడానికి నా కాడికి వచ్చినాడు. దూరంగా కూర్చొని, నేల చూస్తా అడిగినాడు. "మీరు రాసేవాళ్ళంట కదా. అందరూ నన్ను చూసి దారి తప్పుకుంటున్నారు. ఆ ముసలమ్మ రాయి వేసింది. నేనేం చేసినా?"

చెప్పకూడదు. చెబితే నాకు బుట్ట.

"గిడ్డయ్యను చంపినావు" అన్నా. "నీ జబ్బు చంపించింది, జబ్బు మా సూది తెచ్చింది. ఆ ముసలమ్మ వాడి తల్లి. నేను నీ పెండ్లాన్ని."

"తల్లికి తెలుసునా?" అన్నాడు. పెండ్లాం మాట ఎత్తనే లేదు. కోపం వచ్చింది నాకు, అబద్ధమెందుకు.

240వ రోజు

పొద్దున్నే ఓబన్న పైగట్టుకు ఎక్కిపోయినాడు. నేను వెనకాలే పరిగెత్తినా. పుల్లక్క వాకిట్లో కొర్రలు దంచుతోంది. ఆయన ముందు నిలబడి, "అమ్మా, నీ కొడుకును చంపింది నేను" అన్నాడు.

"నాకు కొడుకు లేడు నాయనా" అనింది పుల్లక్క. అంటానే రోకలి ఎత్తి భుజం మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. "ఎవర్రా నువ్వు? నేనెందుకు కొడుతున్నా?" అని అడుగుతా మోకాలి మీద కొట్టింది. పడినాక వీపు మీద కొట్టింది. ప్రతి దెబ్బకూ అదే అడుగుతోంది. నేను అడ్డం పోతే ఓబన్న నెత్తుటి నోటితో, "మీరు రావద్దు, దయచేసి" అన్నాడు. నేను ఆయన మీద పడుకున్నా. నా నడుము మీద ఒకటి పడింది.

గట్టంతా పోగయింది. మౌలాలి సూదుల పళ్ళెం తెచ్చినాడు. వెనకాలే వీరభద్రప్ప. "ఇద్దర్నీ బండ కాడికి తీసుకురండి" అన్నాడు. "ఇది కూడా చెప్పించేయండి."

పుల్లక్క రోకలి ఆయన వైపు తిప్పింది. "నా ఛాతీలో ఇన్నాళ్ళూ ఏదో ఉండి చంపుతోంది. అది వీడని ఇప్పుడు తెలిసింది. దీన్ని కూడా తీసుకుంటారా? సూదితో ఎవడు దగ్గరికొచ్చినా తల పగలగొడతా."

వీరభద్రప్ప ఆమె జుట్టు పట్టుకోబోయినాడు. రోకలి ఆయన మణికట్టు మీద పడింది, చేయి వేలాడిపోయింది. ఆయన మనుషులు ఇద్దరు ముందుకు వచ్చినారు. మౌలాలి పళ్ళెం నేలకేసి కొట్టినాడు. సూదులన్నీ పగిలినాయి. "ఇంగ ఎవరికి పొడుస్తారు పొండి" అని వాళ్ళకు అడ్డం నిలబడినాడు.

"పుల్లక్కా, నీకు కొడుకుండె" అన్నా నేను, లేవకుండానే. "బండ మీద నువ్వు వాణ్ణి మొత్తం చెప్పేసినావు. నిన్ను ఆపాల్సింది నేను. ఆపలేదు. మా ఆయన బతుకుతాడో లేదో చూసుకుంటా ఉండిపోతి."

ఆమె నా దగ్గరికొచ్చి రోకలి నా తల మీదికి ఎత్తింది. ఎత్తి అట్లనే ఉంది.

"నేను చెప్పిందంతా విన్నావా?"

"విన్నా."

"గుర్తుందా?"

"ఒక్క మాట పోలేదు. నాకు సూది లేదు కదా."

"అయితే చెప్పు. వాడు పుట్టింది కాడ్నుంచి చెప్పు. నిన్ను చంపాలో వద్దో తర్వాత చూస్తా."

మౌలాలి ఓబన్న భుజానికి చెక్కలు కడుతున్నాడు. ఊపిరి ఆడుతోంది. ఓబన్న కూడా నా వైపే చూస్తున్నాడు, వణకకుండా కాదు గానీ చూస్తున్నాడు. నేను నడుము పట్టుకొని లేచి కూర్చున్నా.

"వాడి పేరు గిడ్డయ్య" అని మొదలుపెట్టినా. "పుట్టేటప్పుడు ముందు కాళ్ళు వచ్చినాయి. మంత్రసాని ఆశ వదిలేసుకోమనింది. నువ్వు వదలలేదు."

పుల్లక్క రోకలి దించలేదు. "ఊఁ, తర్వాత?" అనింది.